ఫాల్సిపారం మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్తున్నారా? నివారణ మాత్ర ఎంచుకునే ముందు

మలేరియా ముప్పున్న ప్రాంతానికి ప్రయాణం ఖాయమయ్యాక చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "అన్నిటికన్నా మంచి మాత్ర ఏది?" అందరికీ వర్తించే జవాబు ఆ ప్రశ్నకు లేదు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్, డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్, టాఫెనోక్విన్ అనే నాలుగు మందులూ సరైన చోట, సరైన మనిషి, క్రమం తప్పకుండా వేసుకుంటే ఫాల్సిపారం అనే ప్రాణాంతక రకం మలేరియాను చాలావరకు అడ్డుకుంటాయి. నూటికి నూరుపాళ్లు అడ్డుకునేది మాత్రం ఒక్కటీ లేదు. వీటి మధ్య అసలు తేడా బలంలో కాదు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎన్నాళ్లు వేసుకోవాలి, ఎవరికి పడదు అన్న విషయాల్లో ఉంది. అందుకే ఆ ప్రశ్నను ఇలా మార్చి అడగమంటాను: ఇంటికి తిరిగొచ్చాక కూడా మానకుండా చివరి మాత్ర వరకు వేసుకోగలిగినది మీకు ఏది?

## ఇంత జాగ్రత్త ఎందుకంటే

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచమంతటా సుమారు 26.3 కోట్ల మందికి మలేరియా వచ్చింది. దాదాపు 5.97 లక్షల మంది చనిపోయారు. ఈ మరణాల్లో 95 శాతం ఆఫ్రికా ప్రాంతంలోనివే. అక్కడ చనిపోయినవారిలో అత్యధికులు ఐదేళ్లలోపు పిల్లలు. ఈ ప్రాణనష్టంలో సింహభాగం ప్లాస్మోడియం ఫాల్సిపారం అనే ఒక్క జాతి పరాన్నజీవిదే.

మిగతా మలేరియాల కన్నా ఇది ఎందుకు ప్రమాదకరమో తెలియాలంటే రక్తంలో దాని తీరు చూడాలి. వైవాక్స్ అనే మరో మలేరియా జాతి ఎక్కువగా లేత ఎర్ర రక్తకణాల్లోనే చేరుతుంది కాబట్టి దాని సంఖ్యకు ఒక హద్దు ఉంటుంది. ఫాల్సిపారానికి ఆ హద్దు లేదు. లేతదైనా ముదురుదైనా ఏ కణంలోనైనా దూరుతుంది. దాదాపు 48 గంటలకోసారి ఆ కణాలను పగలగొట్టుకుని బయటికొచ్చి కొత్త కణాలను పట్టుకుంటుంది. అంతటితో ఆగదు. పరాన్నజీవి ఎదిగేకొద్దీ అది చేరిన రక్తకణం పైపొరమీద చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. వాటివల్ల ఆ కణం సన్నటి రక్తనాళాల లోపలి గోడకు అంటుకుపోతుంది. మెదడులో, మూత్రపిండాల్లో, ఊపిరితిత్తుల్లో, గర్భిణుల్లో అయితే మాయలో, ఇలా అంటుకున్న కణాలు రక్తప్రవాహానికి అడ్డం పడతాయి. రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఎక్కువగా సన్నటి ఉంగరాల్లాంటి లేత రూపాలే కనిపించడానికి కారణం ఇదే. ముదిరినవి వేలి కొసనుంచి తీసిన రక్తంలోకి రావు, లోపలి అవయవాల్లో దాగి ఉంటాయి. కాబట్టి స్లైడు మీద కనిపించేది ఒంట్లో ఉన్నదానికన్నా తక్కువ కావచ్చు.

మొదటి లక్షణాలు చూసి ఎవరూ భయపడరు. జ్వరం, చలి, తలనొప్పి, ఒళ్లునొప్పులు, వాంతులు, ఒక్కోసారి విరేచనాలు, దగ్గు. మామూలు ఫ్లూ అనో, తిన్నది పడలేదనో అనుకుంటారు. రోజు విడిచి రోజు చలిజ్వరం వస్తేనే మలేరియా అని చదువుకున్నవారు ఇక్కడే పొరబడతారు. ఫాల్సిపారంలో జ్వరానికి అలాంటి లెక్క చాలాసార్లు కనిపించదు. చికిత్స ఆలస్యమైతే 24 గంటల్లోనే పరిస్థితి తలకిందులు కావచ్చు. తికమక, ఫిట్స్, స్పృహ తప్పడం, రక్తంలో చక్కెర పడిపోవడం, రక్తంలో ఆమ్లం పెరిగి ఊపిరి బరువెక్కడం, తీవ్రమైన రక్తహీనత, కామెర్లు, మూత్రపిండాలు దెబ్బతినడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం దీని తీవ్రరూపాలు. పిల్లల్లో ఫిట్స్, రక్తహీనత, చక్కెర పడిపోవడం ఎక్కువ. పెద్దల్లో కామెర్లు, మూత్రపిండాల వైఫల్యం, ఊపిరితిత్తుల సమస్య ఎక్కువ.

దోమ కుట్టాక కనీసం వారం గడిస్తే గానీ లక్షణాలు మొదలుకావు. చాలామందిలో తిరిగొచ్చిన నెలలోపే బయటపడుతుంది. నివారణ మాత్రలు సగంసగం వేసుకున్నవారిలో ఇంకా ఆలస్యం కావచ్చు.

## దేన్నిబట్టి ఎంచుకోవాలి

వెళ్లే చోటు. ఇదే మొదటి ప్రశ్న, మిగతావన్నీ దీని తర్వాతే. ఒకే దేశంలో కూడా కొన్ని ప్రాంతాల్లో ముప్పు ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. మందులకు లొంగని ఫాల్సిపారం ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. క్లోరోక్విన్ ఇప్పుడు చాలాచోట్ల ఫాల్సిపారం మీద పనిచేయదు. మెకాంగ్ నది పరిసర దేశాల సరిహద్దు ప్రాంతాల్లో మెఫ్లోక్విన్‌కూ లొంగని రకాలు ఉన్నాయి.

బయల్దేరడానికి ఎంత సమయం ఉంది. ఎల్లుండి ప్రయాణమైతే కొన్ని మందులు జాబితాలోంచి వాటంతటవే తప్పుకుంటాయి.

ఎన్నాళ్లు ఉంటారు. ఐదు రోజుల పనికి వెళ్లేవారి లెక్క వేరు, ఎనిమిది నెలల ఉద్యోగానికి వెళ్లేవారి లెక్క వేరు.

తిరిగొచ్చాక ఎన్నాళ్లు వేసుకోవాలి. ఈ ఒక్క తేడాకు కారణం అర్థమైతే మిగతా ఎంపిక సగం తేలిపోతుంది. దోమ కుట్టినప్పుడు పరాన్నజీవి నేరుగా రక్తకణాల్లోకి పోదు. ముందు కాలేయంలో చేరి, వారం పాటు అక్కడ వేల సంఖ్యలో పెరిగి, ఆ తర్వాతే రక్తంలోకి వస్తుంది. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ కాలేయంలో ఉన్న ఫాల్సిపారాన్నీ చంపుతుంది. అందుకే తిరిగొచ్చాక ఏడు రోజులు చాలు. డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్, క్లోరోక్విన్ ముఖ్యంగా రక్తంలోకి వచ్చినవాటి మీదే పనిచేస్తాయి. ప్రయాణం చివరి రాత్రి కుట్టిన దోమ పంపిన పరాన్నజీవి మీరు ఇల్లు చేరాక రక్తంలోకి వస్తుంది కాబట్టి అప్పటికీ మందు రక్తంలో ఉండాలి. నాలుగు వారాలు వేసుకోమనేది అందుకే. ఇంటికొచ్చిన వారానికే "ఇక్కడ దోమలు లేవుగా" అని మానేసేవారు చాలామంది. సరిగ్గా కాపలా కావలసిన సమయంలోనే వారు మందు మానేస్తున్నారు.

మీ ఒంటి తీరు. వయసు, బరువు, గర్భం, చనుబాలు, మూత్రపిండాలు, గుండె, ఫిట్స్, మానసిక ఆరోగ్యం, జీ6పీడీ అనే ఎంజైము లోపం, ఇప్పటికే వాడుతున్న మందులు. వీటిలో ఒక్కటి దాచినా డాక్టర్ ఇచ్చే సలహా తప్పవచ్చు.

## ఒక్కచోట పోలిక

| మందు | వేసుకునే తీరు, పెద్దలకు | ప్రయాణానికి ముందు | తిరిగొచ్చాక | ముఖ్యంగా ఎవరికి వద్దు |
|---|---|---|---|---|
| అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ | రోజుకొకటి | 1-2 రోజులు | 7 రోజులు | మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతిన్నవారు, గర్భిణులు |
| డాక్సీసైక్లిన్ | రోజుకు 100 మి.గ్రా. | 1-2 రోజులు | 4 వారాలు | గర్భిణులు, చిన్నపిల్లలు |
| మెఫ్లోక్విన్ | వారానికి 250 మి.గ్రా. | 2-3 వారాలు | 4 వారాలు | ఫిట్స్, మానసిక సమస్యలు, గుండె లయ సమస్యలు ఉన్నవారు |
| టాఫెనోక్విన్ | వారానికి 200 మి.గ్రా. | 3 రోజులు, రోజుకో డోసు | చివరి వారపు డోసుకు వారం తర్వాత ఒక్క డోసు | జీ6పీడీ లోపం ఉన్నవారు, గర్భిణులు, పిల్లలు |
| క్లోరోక్విన్ | వారానికోసారి | 1-2 వారాలు | 4 వారాలు | ఇంకా పనిచేసే కొద్ది ప్రాంతాలకు తప్ప ఎవరికీ ఉపయోగం లేదు |

ఏ మందైనా డాక్టర్ మీ వివరాలన్నీ చూసి రాసిస్తేనే వాడాలి. పట్టిక మీరు అడగవలసిన ప్రశ్నలను గుర్తుచేయడానికే.

## ఒక్కో మందు గురించి

### అటోవాక్వోన్-ప్రోగ్వానిల్

తక్కువ రోజుల ప్రయాణానికి నేను మొదట ఆలోచించమనేది దీన్నే. బయల్దేరే ముందు రోజు మొదలుపెట్టవచ్చు, తిరిగొచ్చాక వారంలో అయిపోతుంది, ఎక్కువమందికి ఇబ్బంది లేకుండా పడుతుంది. కడుపునొప్పి, వికారం, తలనొప్పి కొందరిలో కనిపిస్తాయి. ఖాళీ కడుపుతో వేసుకుంటే అటోవాక్వోన్ ఒంటికి సరిగా పట్టదు. కొవ్వున్న ఆహారంతో గానీ పాలతో గానీ రోజూ ఒకే వేళకు వేసుకోవాలి.

లోపాలూ ఉన్నాయి. రోజూ గుర్తుంచుకోవాలి. మిగతావాటికన్నా ఖరీదు ఎక్కువ కాబట్టి నెలల తరబడి ఉండేవారికి భారమవుతుంది. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గినవారికి పనికిరాదు. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడేవారు ముందుగానే మొదలుపెట్టి రక్తపరీక్ష చేయించుకోవాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీని మోతాదును రక్తంలో తగ్గించేస్తుంది.

### డాక్సీసైక్లిన్

చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఫాల్సిపారం ఉన్న ప్రాంతాలన్నిట్లోనూ పనికొస్తుంది. అడవుల్లో, బురదనీళ్లలో పనిచేసేవారికి ఎలుకజ్వరం నుంచీ, రికెట్సియా అనే సూక్ష్మజీవుల వల్ల వచ్చే జ్వరాల నుంచీ కొంత రక్షణ అదనపు లాభం.

అయితే ఈ మాత్రను ఎలా మింగుతారన్నది చాలా ముఖ్యం. రాత్రి పడుకోబోయే ముందు ఒక్క గుక్క నీళ్లతో మింగి మంచమెక్కితే మాత్ర అన్నవాహికలోనే అతుక్కుని కరగవచ్చు. అక్కడి పొర కాలి పుండు పడుతుంది. మర్నాడు నీళ్లు మింగినా ఛాతీలో మంట. నిండు గ్లాసు నీళ్లతో, భోజనంతోపాటు మింగి, ఆ తర్వాత కనీసం అరగంట నడుం వాల్చకుండా ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. పాలు, ఐరన్, కాల్షియం, ఆమ్లం తగ్గించే మాత్రలతో కలిపి వేసుకోకూడదు. మందు ఒంటికి పట్టకుండా అవి అడ్డుపడతాయి.

రెండో సమస్య ఎండ. కొందరికి మామూలు ఎండకే చర్మం కమిలిపోతుంది. సముద్రతీరంలోనో ఎండలోనో రోజంతా గడిపేవారు ఇది ఆలోచించుకోవాలి. స్త్రీలలో యోని ప్రాంతంలో ఫంగస్ ఇన్ఫెక్షన్ రావచ్చు. పిల్లల పళ్ల రంగు మారే ప్రమాదం వల్ల ఎనిమిదేళ్లలోపు వారికి ఇవ్వరు, కొన్ని దేశాల్లో ఆ హద్దు పన్నెండేళ్లు. వీటన్నిటినీ తట్టుకున్నా, తిరిగొచ్చాక నాలుగు వారాలు రోజూ వేసుకోవడం అనే పరీక్ష మిగిలే ఉంటుంది.

### మెఫ్లోక్విన్

దీని గురించి భయాలు ఎక్కువ, వాటిలో కొన్ని న్యాయమైనవి. పీడకలలు, నిద్రలేమి, ఆందోళన, కుంగుబాటు, తలతిరగడం రావచ్చు. అరుదుగా మతిభ్రమ, ఫిట్స్ కూడా. కొందరిలో మందు మానాక కూడా తలతిరుగుడు లాంటివి చాలాకాలం ఉండిపోవచ్చని 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక జారీచేసింది. గతంలోనైనా ఇప్పుడైనా కుంగుబాటు, తీవ్ర ఆందోళన, ఇతర మానసిక వ్యాధులు, ఫిట్స్, గుండె విద్యుత్ ప్రసరణలో లోపం ఉన్నవారు దీని జోలికి పోకూడదు.

అయినా దీన్ని జాబితాలోంచి కొట్టేయడం సరికాదు. గర్భిణి తప్పనిసరిగా క్లోరోక్విన్ పనిచేయని చోటికి వెళ్లాల్సి వస్తే వాడదగ్గ మందు ప్రధానంగా ఇదే. చిన్నపిల్లలకూ ఇవ్వవచ్చు. వారానికొక్కటే కాబట్టి ఏడాదిపాటు ఉండేవారికి, రోజూ మాత్ర గుర్తుండనివారికి వీలుగా ఉంటుంది. రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టమనడంలో మరో మేలు ఉంది. ఒంటికి పడకపోతే ఆ లక్షణాలు ఎక్కువమందిలో మొదటి మూడు డోసుల్లోనే బయటపడతాయి. ఇంట్లో ఉండగానే తెలిస్తే మందు మార్చుకోవడం తేలిక. నిద్ర చెడినా, మనసు మనసులో లేకపోయినా "కొన్నాళ్లకు సర్దుకుంటుందిలే" అని ఓర్చుకోవద్దు. వెంటనే డాక్టర్‌తో మాట్లాడి మరో మందుకు మారాలి.

### టాఫెనోక్విన్

2018లో అమెరికాలో అనుమతి పొందిన కొత్త మందు. అన్ని దేశాల్లోనూ దొరకదు. మొదట మూడు రోజులు రోజుకో డోసు, ఆ తర్వాత వారానికోసారి, తిరిగొచ్చాక ఒక్కటే డోసు. ఎంపికకు నేను పెట్టిన కొలమానంలో ఇది అన్నిటికన్నా ముందుంటుంది, ఎందుకంటే ఇంటికొచ్చాక మర్చిపోవడానికి పెద్దగా ఏమీ మిగలదు. కాలేయంలో నెలల తరబడి నిద్రపోయే వైవాక్స్ రూపాలనూ ఇది చంపుతుంది. ఫాల్సిపారానికి అలాంటి నిద్రాణ రూపం లేదు గానీ, రెండు జాతులూ ఉన్న చోటికి వెళ్లేవారికి ఇది పెద్ద ఆకర్షణ.

ముఖ్యమైన షరతు ఒకటుంది, దానికి మినహాయింపు లేదు. మొదటి డోసుకు ముందు జీ6పీడీ పరీక్ష జరగాలి, అదీ ఎంజైము ఎంత ఉందో అంకెల్లో చెప్పే పరీక్ష. లోపం ఉన్నవారు ఈ మందు వేసుకుంటే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఈ లోపం మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల ప్రజల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మతిభ్రమకు సంబంధించిన వ్యాధి ఉన్నవారికీ ఇది వద్దు. దీని పాత బంధువు ప్రైమాక్విన్‌ను కూడా కొందరికి నివారణకు ఇస్తారు, దానికీ ఇదే పరీక్ష తప్పదు.

### క్లోరోక్విన్

పనామా కాలువకు పడమటనున్న మధ్య అమెరికా ప్రాంతాలు, హైతీ, డొమినికన్ రిపబ్లిక్ లాంటి కొద్దిచోట్ల తప్ప ఫాల్సిపారం మీద దీన్ని నమ్ముకోలేం. ఇంట్లో పాత మాత్రలున్నాయని ఆఫ్రికాకు పట్టుకెళ్లడం మాత్ర లేకుండా వెళ్లడంతో సమానం.

## మీరు ఎవరు, మీకు ఏది

వారం పది రోజుల ప్రయాణికులు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్. డబ్బు లెక్క చూసుకుని డాక్సీసైక్లిన్ వైపు మొగ్గేవారు మొత్తం మాత్రల సంఖ్యను కూడా లెక్కేయాలి. వారం ప్రయాణానికి అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ సుమారు పదహారు మాత్రలతో ముగుస్తుంది. డాక్సీసైక్లిన్ ముప్పై ఆరు దాటుతుంది. అందులో ఇరవై ఎనిమిది ఇంటికొచ్చాకే.

నెలల తరబడి ఉండేవారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఆరు నెలల డోసుల ముందు నాలుగు వారాల తోక పెద్ద విషయం కాదు. ఖర్చు, ఓపిక, చెడు ఫలితాలు ముందుకొస్తాయి. డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్, దొరికితే టాఫెనోక్విన్ మధ్య ఎంచుకోవాలి. కొన్ని నెలలు గడిచాక "ఇక్కడివాళ్లెవరూ వేసుకోవడం లేదు, నాకెందుకు" అనిపించడం సహజం. అక్కడివారిలో చాలామందికి చిన్ననాటి నుంచి పదేపదే వచ్చిన జ్వరాలవల్ల కొంత రోగనిరోధకత ఉంటుంది. మీకు అది లేదు.

పుట్టిపెరిగిన ఊరికి తిరిగి వెళ్లేవారు. వీరి గురించే నాకు ఎక్కువ బెంగ. మలేరియా ఉన్న ప్రాంతంలో పెరిగి వేరే దేశంలో స్థిరపడినవారు బంధువులను చూడటానికి వెళ్తారు. "మాకు అలవాటే" అనుకుంటారు, మాత్రలు తీసుకోరు, ఆరుబయట పడుకుంటారు, రోజుల కొద్దీ ఉంటారు. ఆ పాక్షిక రోగనిరోధకత మలేరియా లేని చోట ఉన్నకొద్దీ కరిగిపోతుంది. వారి పిల్లలకైతే అది ఎప్పుడూ లేదు. మలేరియా లేని దేశాల్లో బయటపడే కేసుల్లో ఇలాంటి కుటుంబాలవారే ఎక్కువగా కనిపిస్తారు. మీకు కావలసింది కూడా పై జాబితాలోని మాత్రే, పర్యాటకుడికి ఉన్న నియమాలే మీకూ.

గర్భిణులు. వీలైతే ప్రయాణం వాయిదా వేయండి. ఇది మర్యాదకు చెప్పే మాట కాదు. ఫాల్సిపారం మాయలో పేరుకుపోయి తల్లికి తీవ్ర రక్తహీనత, గర్భస్రావం, తక్కువ బరువుతో ప్రసవం, బిడ్డ మరణం దాకా తెస్తుంది. తప్పదంటే మెఫ్లోక్విన్ గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

పిల్లలు. మోతాదు బరువును బట్టి ఉంటుంది. పెద్దల మాత్రను ఇంట్లో అంచనాగా విరిచి ఇవ్వకూడదు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్‌కు పిల్లల మాత్రలు వేరుగా ఉన్నాయి. మెఫ్లోక్విన్ చేదు, ముద్దలో కలిపి ఇవ్వాల్సి వస్తుంది.

ప్లీహం తీసేసినవారు. రక్తంలోని పరాన్నజీవులను వడపోసే అవయవమే లేదు కాబట్టి వీరిలో జబ్బు చాలా వేగంగా ముదురుతుంది. వెళ్లకపోవడమే మేలు.

ఫిట్స్ ఉన్నవారు. మెఫ్లోక్విన్, క్లోరోక్విన్ రెండూ వద్దు. ఫెనిటోయిన్, కార్బమాజెపిన్ లాంటి మందులు డాక్సీసైక్లిన్‌ను ఒంట్లో త్వరగా ఖర్చుచేస్తాయి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ సాధారణంగా నప్పుతుంది.

ఎవరైనా సరే, మాత్రలన్నీ బయల్దేరే ముందే నమ్మకమైన చోట కొనుక్కోండి. నకిలీ మలేరియా మందులు ఆఫ్రికాలోనూ ఆగ్నేయాసియాలోనూ నిజమైన బెడద. మలేరియా మందుకు మూలమైన ఆర్టిమీసియా మొక్క ఆకుల కషాయాన్ని నివారణకు గానీ చికిత్సకు గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. అందులో మందు ఎంతుంటుందో లెక్క ఉండదు.

## దోమతెరా, పూత మందా?

మాత్ర వేసుకుంటున్నాం కదా అని దోమలను వదిలేయకూడదు. మలేరియా మోసే ఆడ అనాఫిలిస్ దోమ సందె వేళ నుంచి తెల్లవారే దాకా కుడుతుంది. కాబట్టి రక్షణను రాత్రి చుట్టూ అల్లుకోవాలి.

నిద్రలో ఉన్నప్పుడు పురుగుమందు పట్టించిన దోమతెరకు సాటి లేదు. చిన్న చిరుగు ఉన్నా తాకిన దోమ చస్తుంది. అంచులను పరుపు కిందికి దోపాలి. ఒళ్లు తెరకు ఆనుకుంటే అవతలినుంచే కుడుతుంది, జాగ్రత్త. మెలకువగా ఉన్న సాయంత్రాల్లో మాత్రం తెర పనికిరాదు, ఒంటికి రాసుకుని దోమలను తరిమే పూత మందు కావాలి. డీట్ అయితే 20 నుంచి 50 శాతం మధ్య, పికారిడిన్ అయితే 20 శాతం ఉన్నది తీసుకోండి. డీట్ శాతం పెరిగితే పనిచేసే గంటలు పెరుగుతాయి, 50 దాటాక చెప్పుకోదగ్గ అదనపు లాభం లేదు. డీట్ ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది, కళ్లద్దాలూ గడియారాలూ చూసుకోవాలి. వాసన, జిడ్డు పడనివారికి పికారిడిన్ హాయి. ఎండ నుంచి కాపాడే క్రీము వాడితే ముందు అది, ఆరాక పూత మందు. నిండు చేతుల దుస్తులు, వాటికి పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించడం మంచి తోడు. వెల్లుల్లి, బి విటమిన్ మాత్రలు, దోమలను శబ్దంతో తరిమే పరికరాలు పనిచేయవు.

టీకా గురించి కూడా అడుగుతారు. ఆర్‌టీఎస్,ఎస్ టీకాను 2021లో, ఆర్21ను 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. రెండూ మలేరియా ఉన్న ప్రాంతాల్లో నివసించే చిన్నపిల్లల కోసమే. ప్రయాణికులకు ఈ దారి ఇంకా తెరుచుకోలేదు.

## అయినా జ్వరం వస్తే

ముప్పున్న చోట వారం గడిచాక గానీ, తిరిగొచ్చిన మూడు నెలల్లోపు గానీ జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష జరగాలి. "రేపు చూద్దాం" అనేది ఇక్కడ చెల్లదు. ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి, ఏ నివారణ మాత్ర వేసుకున్నారో కూడా చెప్పండి. నివారణకు వాడిన మందునే చికిత్సకు ఇవ్వరు.

పరీక్షల్లో రెండు దారులు. రక్తాన్ని స్లైడు మీద మందంగా, పలచగా రెండు పూతలు పూసి సూక్ష్మదర్శినితో చూడటం ఒకటి. పరాన్నజీవి ఏ జాతిదో, ఎన్ని కణాల్లో ఉందో ఇది చెబుతుంది. అయితే చూసేవారికి అనుభవం ఉండాలి. పావుగంటలో ఫలితమిచ్చే ర్యాపిడ్ పరీక్ష రెండోది. ఎవరైనా చేయగలరు. కానీ ఫాల్సిపారాన్ని పట్టే రకం చికిత్స పూర్తయ్యాక కూడా వారాల తరబడి పాజిటివ్ చూపుతుంది. ఆ పరీక్ష వెతికే ప్రొటీన్ లేని ఫాల్సిపారం రకాలు ఎరిత్రియా, దాని చుట్టుపక్కల దేశాల్లో వ్యాపించాయి, అక్కడ తప్పుగా నెగెటివ్ రావచ్చు. రెండూ అందుబాటులో ఉంటే రెండూ చేయించడం ఉత్తమం. మొదటిది నెగెటివ్ వచ్చినా అనుమానం తీరకపోతే 12 నుంచి 24 గంటల తేడాతో మరో రెండుసార్లు చూడాలి.

చికిత్సను నిర్ణయించేది రోగి పరిస్థితి. తీవ్రత లేకుండా, మాత్ర మింగగలిగే స్థితిలో ఉంటే ఆర్టిమిసినిన్ జాతి మందును మరో మందుతో జోడించి మూడు రోజులు ఇస్తారు. ఆర్టిమిసినిన్ భాగం గంటల్లోనే పరాన్నజీవుల సంఖ్యను కుప్పకూలుస్తుంది, జోడీ మందు మిగిలినవాటిని రోజుల తరబడి ఏరేస్తుంది. వీటిలో ఎక్కువగా వాడేది ఆర్టిమెథర్-ల్యూమెఫాంట్రిన్. మూడు రోజుల్లో ఆరు డోసులు, కొవ్వున్న ఆహారంతో. డోసు వేసుకున్న అరగంటలోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. రెండో రోజుకే జ్వరం దిగిపోతుంది, అక్కడే మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. గర్భిణులకు మొదటి మూడు నెలల్లో కూడా దీన్నే ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి చెబుతోంది. మెకాంగ్ ప్రాంతంలోనూ, ఆఫ్రికాలో రువాండా, ఉగాండా, టాంజానియా, ఎరిత్రియాల్లోనూ ఆర్టిమిసినిన్‌కు పాక్షికంగా లొంగని రకాలు కనిపించాయి. జోడీ మందు సరైనదైతే కోర్సు ఇప్పటికీ పనిచేస్తోంది.

తీవ్ర లక్షణాల్లో ఒక్కటి కనిపించినా మాత్రల దశ దాటినట్టే. ఆసుపత్రిలో ఆర్టిమిసినిన్ జాతికే చెందిన ఆర్టిసునేట్ ఇంజెక్షన్ కావాలి. పాత మందు క్వినైన్‌తో దీన్ని పోల్చి చూసిన పరీక్షల్లో 2005లో ఆసియాలో మరణాలు 22 శాతం నుంచి 15 శాతానికి తగ్గాయి. 2010లో ఆఫ్రికా పిల్లల్లో 10.9 శాతం నుంచి 8.5 శాతానికి తగ్గాయి. క్వినైన్ రక్తంలో చక్కెరను పడగొడుతుంది కూడా. అందుకే ఆర్టిసునేట్ ఉన్నచోట క్వినైన్‌కు పని లేదు, అది దొరకనప్పుడే క్వినైన్. మొదటి ఇంజెక్షన్, 12 గంటలకు రెండోది, 24 గంటలకు మూడోది, ఆ తర్వాత రోజుకొకటి. రోగి మింగగలిగాక మూడు రోజుల మాత్రల కోర్సు కూడా పూర్తిగా ఇవ్వాలి. ఇంజెక్షన్‌తో తేరుకున్నంత మాత్రాన దాన్ని వదిలేయకూడదు.

ఆర్టిసునేట్ తీసుకున్న కొందరిలో, జబ్బు నయమై ఇల్లు చేరాక ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య ఎర్ర రక్తకణాలు పగిలి రక్తహీనత వస్తుంది. ఆ నాలుగు వారాలూ వారానికోసారి హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. నీరసం పెరిగినా, మూత్రం ముదురు రంగుకు మారినా ఆ పరీక్ష రోజు వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.